రేపటి పేజీ

నవంబరు పద్దెనిమిది, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. ఒకటో తరగతి గుమ్మం కిందినుంచి నీళ్లు వస్తుంటే గోనెపట్టా మడిచి అడ్డం వేశాను.

మా టీచరమ్మకు నాన్న దీవించి రాసేది. నేనూ అమ్మా కులాసాగానే ఉన్నాం. నా మోకాలు ఈ వానలు తగ్గేదాకా మన మాట వినదు, దాన్ని లెక్కలోకి తీసుకోకు. అక్కడ నీ ట్రైనింగు సజావుగా సాగుతోందని, వేళకు తింటున్నావని అనుకుంటున్నాం.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను. అమ్మ దగ్గు తగ్గింది. మందు మాత్రం తనంతట తనే ఆపేసింది. అదేమంటే, "నువ్వు డాక్టరువా, బడి బంట్రోతువా?" అంటుంది. నువ్వు తాడుకు కట్టి వెళ్లిన మాటల అట్టలు అలాగే ఉన్నాయి. 'కిటికీ' అట్ట ఒక్కటి తడిస్తే మళ్లీ రాయించాను. నీ బదులు వచ్చిన టీచరు మంచి మనిషే. నీలాగే మధ్యాహ్నం పిల్లలను చాప మీద కూర్చోబెట్టి, పెద్ద పుస్తకం స్టాండు మీద పెట్టి, ఒక్కో మాట కిందా పుల్ల ఆనించి చదివిస్తుంది. మేకపిల్ల గొంతు మాత్రం నీకొచ్చినట్టు రాదట. పిల్లలే చెప్పారు.

ఆఖరి ప్రశ్న, నువ్వు ముద్దుపేరు పెట్టుకున్న పిల్ల గురించి, "మన చెవులపిల్లి ఎలా చదువుతోంది?" అని. దానికి జవాబు చివర రాద్దామనుకున్నాను. అప్పుడే చివరికి వచ్చేశాను.

'మేకపిల్ల గొడుగు' పుస్తకం కుట్లు ఊడిపోతే నేనే విప్పి సూదీ దారంతో కుట్టాను. దానికి పేజీ నంబర్లు లేవు, అచ్చు ఒకవైపే. రెండు పేజీల్లో బొమ్మ ఇంచుమించు ఒకటే. మేకపిల్ల గొడుగు పట్టుకుని మూసిన తలుపు ముందు నిలబడి ఉంటుంది. ముందుది బాతు ఇల్లు, తర్వాతది కోడి ఇల్లు. నేను బొమ్మలు చూసి కుట్టాను. కథ నోటికొచ్చు కదా, చదవడం ఎందుకని అక్షరాలు చూడలేదు. ఆ రెండూ తారుమారయ్యాయి.

పోయిన సోమవారం హెడ్మిస్ట్రెస్ గారు చదువు వినడానికి వచ్చారు. తలా ఒక పేజీ. ఆ పేజీ చెవులపిల్లి వంతుకు వచ్చింది. నీకు తెలుసుగా, అది లేచి నిలబడితే గొంతు ఖంగుమంటుంది. "బాతూ బాతూ, తలుపు తియ్యి. వాన వస్తోంది, నా గొడుగులోకి రా" అంది, ఒక్క తడబాటు లేకుండా.

"అక్కడ కోడి అని ఉంది టీచర్!" అని ముందు వరసలో ఒకడు అరిచాడు.

"దీనికి కోడికీ బాతుకీ తేడా తెలీదు రోయ్!" అన్నాడు ఇంకొకడు. చాప చాపంతా నవ్వు.

టీచరు పుల్ల 'కోడి' కింద పెట్టి, "ఇది చదువమ్మా" అంది. పిల్ల తర్వాతి వాక్యం చెప్పేసింది. అప్పుడు తాడు మీద నుంచి 'గొడుగు' అట్ట తీసి చూపించింది టీచరు.

"దీనికి బొమ్మ లేదుగా టీచర్" అంది పిల్ల మెల్లగా. అని, నా వైపు చూసింది. నేను మంచినీళ్ల బిందె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. బిందెలోకి చూశాను.

కుట్టు తప్పు నాదని అక్కడే అనొచ్చు. అనలేదు.

అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది తల్లీ. నువ్వు వెళ్లినప్పటి నుంచీ ఆ పిల్ల రోజూ అన్నం డబ్బా పట్టుకుని నేను కూర్చునే గంట దగ్గరికి వచ్చేది. "తాతా, రేపటి పేజీ చెప్పవా?" అనేది. ఒకసారి చెబితే రెండోసారి తనే అప్పజెప్పేది. నాకు ముచ్చటేసేది. దానికి అక్షరాలు రావని మొదటి వారంలోనే తెలిసింది. తెలిసీ నీకు మూడు ఉత్తరాల్లో "చక్కగా చదువుతోంది" అని రాశాను. నువ్వు నిశ్చింతగా ఉంటావని రాశాననుకున్నాను. నిజం అది కాదు.

నువ్వు ఒకటో తరగతిలో ఉండగా పాఠం చదివి, "నాన్నా, సరిగ్గా చదివానా?" అని అడిగేదానివి. "సరిగ్గానే ఉందమ్మా" అనేవాణ్ణి. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. నీ పాఠాలు నీకంటే ముందు నాకు నోటికొచ్చేవి. పుస్తకం ముందేసుకుని పైకి చెబుతుంటే మీ అమ్మ కూడా చదువే అనుకుంది. నీ మూడో తరగతికి గాని నాకు గుణింతాలు పట్టుబడలేదు. ఆ పిల్ల నోట రేపటి పేజీ వింటుంటే, అప్పటి నేనే ఇంకొన్నాళ్లు దొరక్కుండా తిరుగుతున్నట్టు ఉండేది. అందుకే ఎవరికీ చెప్పలేదు. బడి మొత్తంలో ఆ దొంగచదువు గుర్తుపట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

పిల్లను శిశు తరగతిలో కూర్చోబెట్టారు. రెండు రోజులు కూర్చుంది, నోరు విప్పలేదు. గురువారం నుంచి రావడం లేదు. ఇంకో వారం రాకపోతే పేరు కొట్టేస్తారు. నిన్న సాయంత్రం పుస్తకం సరిచేసి కుట్టి వాళ్లింటికి తీసుకెళ్లాను. వాళ్ల నాయనమ్మ కూర తరుగుతూ తలెత్తలేదు. "దానికి చదువు అంటదు లెండి. చెల్లెల్ని ఆడిస్తూ ఇంట్లో పడుంటుంది" అంది. పిల్ల తలుపు వెనక నుంచి వచ్చి పుస్తకం కుట్టు తడిమింది.

"తాతా, ఇప్పుడు సరిగ్గా కుట్టావా?"

"కుట్టాను తల్లీ."

"అయితే ఇప్పుడు నేను చదివింది సరిగ్గానే ఉంటుందిగా?"

నీకు చెప్పినట్టు "సరిగ్గానే" అనడానికి నోరు రాలేదు. కాదనడానికీ రాలేదు. తడిసిన చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

రేపు హెడ్మిస్ట్రెస్ గారికి చెబుతాను. నోటికొచ్చినదాన్ని కంటికి తెచ్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. నీకు దగ్గర దారి తెలిసే ఉంటుంది. మొదట ఏ మాటతో మొదలుపెట్టాలో రాయి. నా మీద కోపం దాని తర్వాత పేజీలో రాయి.

ఇట్లు,
నీ పాఠాలు విని నేర్చుకున్న
నాన్న

బుధవారం. ముసురు అలాగే ఉంది. కవరు అంటించకుండా ఉంచి, హెడ్మిస్ట్రెస్ గారి గది ముందు ఊడ్చిన చోటే రెండుసార్లు ఊడ్చాను. "ఆ గచ్చు అరిగిపోతుందండీ, ఏమైనా చెప్పాలా?" అన్నారు. కుట్టు సంగతీ, రేపటి పేజీ సంగతీ చెప్పాను. హాజరుపట్టీ తీసి ఆ పిల్ల పేరు దగ్గర వేలు పెట్టారు. తర్వాత, "పిల్లను నేను వెళ్లి తీసుకొస్తాను. మీరు మాత్రం ఆ తరగతి గుమ్మంలోకి రావద్దు" అన్నారు. న్యాయమే. అందుకని ఆ మొదటి మాటేదో ఆవిడకే రాయి. నేను వరండాలో గంట దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. అన్నం గంట కొట్టాల్సిన పన్నెండున్నర దాటింది. గదుల్లో అన్నం డబ్బాల మూతలు చప్పుడవుతున్నాయి, పిల్లలు కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు, నేనింకా గంట