బంతి చప్పుడు

నర్సీపట్నం

నాయనా గోపీకృష్ణా,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. వచ్చే ఆదివారం మా రమణబాబు సంవత్సరీకం. వాడి ఫొటో ముందు పెట్టే కొత్తబట్టలు వాడి ఈడువాడే కట్టుకోవాలి. నువ్వు రావాలి. ప్యాంటూ షర్టూ కాదు, మీరిద్దరూ ఆడిన టీం జెర్సీయే కుట్టించాను.

వాడు చూడాలని కలవరించిన జపాన్ బాస్కెట్‌బాల్ బొమ్మల సినిమా పంపావు కదా, నిన్న సాయంత్రం పెట్టుకున్నాను. భాష తెలియలేదు. బంతి చప్పుడు మాత్రం మా వాకిట్లో రోజూ వినపడినదే. అది విని మీ బాబాయి లోపలినుంచి, "సీకటడిపోనాది, ఆడ్ని లోనికి రమ్మనే!" అని కేకేశారు. తనే వచ్చి గేటు తీసి, వీధిలోకి చూస్తూ నిలబడిపోయారు.

తప్పకుండా రా నాయనా. బంతి మాత్రం తేవద్దు.

రమణబాబు అమ్మ