మూడో గేరులో వంతెన

మాధవరం, శుక్రవారం

అత్తయ్యకు నమస్కారం.

పికప్ బండి పని ఇవాళ్టితో పూర్తయింది. మెకానిక్ చిన్నబాబు పొద్దున బ్రేకులు మరోసారి చూసి, ఆ తరువాతే ఇంజనుకు అందే డీజిలు కాస్త పెంచాడు. ఇంకొంచెం పెంచమన్నాను. "ముసిలోడికి కాపీ ఇస్తే లేస్తాడు సార్, సారాయి పోస్తే పడతాడు. ఇది చాలు" అన్నాడు.

పాత ఇంజను పేలిపోతుందని మీరు భయపడ్డారు. భయం లేదు. గాలి ఫిల్టరు, క్లచ్చి ముందే కొత్తవి వేయించాను. వేడి చూపే మీటరు కూడా పెట్టించాను. సాయంత్రం పాతిక బస్తాల మట్టి ఎక్కించి వంతెన దగ్గరికి వెళ్ళాం. ఎక్కకపోతే బండి అమ్మేసి, మీ అమ్మాయి సునయన పెట్టిన మొక్కల నర్సరీ మూసేద్దామనుకున్నాను. ఇన్నాళ్ళూ మొదటి గేరులో మూలిగిన బండి మూడో గేరులో ఎక్కేసింది. నల్లపొగ లేదు. మీటరు ముల్లు ఎర్రగీత దరిదాపులకు పోలేదు. దిగి మళ్ళీ ఎక్కించాను. మూడోసారి తిప్పుతుంటే చిన్నబాబు, "ఏం సార్, పైన ఎవురైనా టీ పోస్తా ఉండారా?" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. బండి అమ్మడం లేదు.

మీ చెవి మిషను బాగయిందా? ఫోనులో నా మాట మీకు అందడం లేదు. మల్లె అంట్లకు సునయన ఏ ఎరువు వేసేదో గుర్తుంటే రాయండి. ఉన్నప్పుడు అడగాలని నాకు తోచలేదు. ఉసిరి పచ్చడి అందింది. మామయ్యగారికి నమస్కారాలు, రాగిణికి ఆశీస్సులు.

సునయన పోయాక ఆగిపోయిన, షోళింగనల్లూరు అపార్టుమెంట్లకు చేర్చాల్సిన మొక్కలు రేపు పొద్దున ఆరింటికి నేనే తీసుకెళ్తాను.

శరత్‌చంద్ర