తోమిన నాణెం

మూతి ముడుచుకున్న మా హుస్నక్కకి,

నువ్వు ఫోనెత్తట్లేదని ఇది విస్సన్నపేట బస్సులో ఇచ్చి పంపుతున్నా. నాన్న రాగి నాణెం నేను మార్చలేదు. ఫోటో పెడితే నాణెం ఎంత బాగుందో ఏఐ గ్రేడు చెప్తుందన్నారు కదా, నల్లగా ఉన్నది బాగా మెరవాలని చింతపండుతో తోమాను. "నాణెం అసలుదే, తోమి పాడుచేశారు, గ్రేడు లేదు" అని వచ్చింది. నీకు చూపిస్తే, "నల్లటిది అమ్ముకుని, ఇది తెచ్చి నాతో వేళాకోళమా?" అన్నావు.

నీ పెళ్లిలో బావ చెప్పులు దాచి ఆయన్ని తిరువూరంతా తిప్పింది నేనే. ఆ ఆకతాయి పేరు ఇంకా పోలేదు. మిషను ఒక్క ఫోటో చూసి నమ్మింది. నువ్వు నన్ను నలభై ఎనిమిదేళ్లుగా చూస్తున్నావు.

నాణెం ఇందులోనే ఉంది. అంచు మీద సొట్ట చూసుకో. చిన్నప్పుడు రోకలితో కొట్టింది నువ్వు. నేనేననుకుని నాన్న నన్ను బాదుతుంటే, తలుపు చాటున నిలబడి నవ్వావు.

నీ తమ్ముడు