ఒప్పుకున్న నేల

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ అంతేనని ఎప్పటిలా చేతికొచ్చినట్టు రాసెయ్యలేకపోతున్నాను. అక్కడ ఫోను అందదు కదా, ఎలా ఉన్నావో ఒక్క ముక్క ఈ ఉత్తరం తెచ్చే జీపు డ్రైవరు చేతికే ఇచ్చి పంపు.

నీ ఉత్తరం అందింది. కోడి గెలికినట్టున్న ఆ రాత చదివేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. డాబా ఎక్కి బట్టలు ఆరేస్తోంది, వద్దంటే నా మీద గయ్యిమంటోంది. నీ గదిని సామాన్ల కొట్టు చేసేశామా అని కూడా అడిగావు. అటక మీది పెట్టెలు కొన్ని దించి పెట్టామంతే, దానికి రాద్ధాంతం చెయ్యకు.

మొన్న అమ్మ, మీరిద్దరూ అసలు చేసే పనేమిటే అంది. వాడు కొండ మీద నేలను పాయింటు పాయింటుగా కొలుస్తాడు, ఆ కొలతలు వాడి పేరు మీద మా కంప్యూటర్లలోకి వస్తాయి, వాటి మీద నేను రోడ్డు గీస్తాను, ఎదుటి బల్ల ఆయన వంతెన గీస్తాడు అని చెప్పాను. వాడి నేలను మేం చూడగలం కానీ మార్చలేం. అది మారితే మా తెర మూల పసుపు గుర్తు వెలుగుతుంది. మాలో ఎవరు ఒప్పుకుని దాన్ని నొక్కినా కొత్త నేల అందరి డ్రాయింగుల్లోకీ వచ్చేస్తుంది. అమ్మ, "అయితే ఒకరు ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టేనా?" అంది. అప్పుడు నవ్వేశాను.

ఇక అసలు సంగతి. రిపేరుకని నువ్వు కిందికి పంపిన నీ ఒకే ఒక్క సర్వే మిషను మా ఆఫీసులో పెట్టెలోనే ఉంది. నా చేత్తో తెరిచి చూశాను, అందులో బ్యాటరీ కూడా లేదు. అయినా నీ పేరు మీద పాయింట్లు వస్తూనే ఉన్నాయి. అవి రోడ్డు వెళ్ళే దారివి కావు. మీ క్యాంపు షెడ్డు లోపలివి. తలుపు, కిటికీ, నీ మంచం కోళ్ళు. తను పడుకునే మంచం కింద ఎవడైనా సర్వే చేస్తాడా? నీ అల్లరే అనుకుని, తిట్టుకుంటూనే ఆ పసుపు గుర్తు నొక్కాను. షెడ్డు మూల జానెడు కుంగినట్టు కనిపించింది. తప్పుడు కొలతలే అని వదిలేశాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. మంచం పక్కన నేల పగిలిందని, మూల జానెడు దిగిపోయిందని, రాళ్ళు పేర్చి సరిచేశామని వేళాకోళంగా రాశావు. తారీఖు చూశాను. నేను నొక్కిన రోజే.

పెద్దసారుకు చెప్పాను. నేలను బట్టి డ్రాయింగు మారుతుంది గానీ డ్రాయింగును బట్టి నేల మారుతుందా అమ్మా, కొన్నాళ్ళు సెలవు తీసుకో అన్నాడు. క్యాంపు మార్చాలంటే ఆ కొలతలు ఎవరి పేరు మీద ఉన్నాయో వాడే, అంటే నువ్వే, రాసివ్వాలట. రాసివ్వు. రాసి, అక్కడ ఆగకుండా వచ్చెయ్యి.

మళ్ళీ గుర్తు వెలిగింది. నేను ముట్టుకోలేదు. ఆఫీసులో అందరి తెరల మీదా "నేను చెప్పేదాకా నొక్కకండి" అని కాగితాలు అంటించాను. నవ్వుకున్నారు, నవ్వుకోనీ.

ఇక్కడిదాకా పొద్దున రాసి మడిచిపెట్టాను. నువ్వు బెదిరిపోతావని ఒక సంగతి దాచాను. దాచి లాభం లేదు. నొక్కకుండానే ఆ కొత్త కొలతలు తెరిచి చూశాను. అందులో మీ షెడ్డు లేదు. షెడ్డు ఉండాల్సిన చోట అడుగు కనిపించని గొయ్యి ఉంది. ఒక్క పాయింటు మాత్రం ఎక్కడో దూరంగా పడింది. రోజు పని ముగిశాక ఆఖరి పాయింటుకు నువ్వు "ఇంటికి" అని పేరు పెడతావు కదా, దానికీ అదే పేరు. ఎక్కడిదా అని సరిచూశాను. మన వీధి గుమ్మం.

ఈ మధ్యాహ్నం వంతెన ఆయన సెలవు నుంచి వచ్చాడు. నేను టీ తాగి వచ్చేలోపు కాగితం పీకి పక్కన పెట్టి, పని ఆగిపోతోందని నొక్కేశాడు. ఆయన్ని కొట్టినంత పని చేశాను. పాపం, ఆయనకేం తెలుసు.

డ్రైవరును బతిమాలి రేపటి ప్రయాణం ఇప్పుడే పెట్టించి, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. పక్క సందులో హారన్ కొడుతున్నాడు. నేనూ ఎక్కేద్దామని చెప్పులేసుకున్నాను. అంతలో అమ్మ ముందు గదిలోంచి కేకేసింది.

"తమ్ముడొచ్చాడే. గుమ్మంలోనే నిలబడ్డాడు. పిలిస్తే గానీ లోపలికి రాడట."

నేను అటు చూడలేదు. చూడను. పైన ఉన్నది నువ్వే, కొండ మీదే ఉన్నావు, నాకు తెలుసు. అమ్మను ఒంటరిగా వదిలి రాలేను కాబట్టి ఈ ఉత్తరం కిటికీలోంచి డ్రైవరుకు అందిస్తున్నాను. చేతికి అందితే చాలు నాన్నా, చెప్పులు కూడా వెతుక్కోకుండా జీపెక్కు.

పిలవకమ్మా అని అరిచాను. అప్పటికే అమ్మ "రా నాన్నా, రా" అనేసింది.

ఇట్లు,
నీ అక్క