తెల్ల అట్ట పట్టుకున్న చేయి

చిట్టితల్లీ,

నీ పరీక్ష సంగతి రోజూ దేవుడి చెవిన వేస్తూనే ఉన్నాను. కాలేజీ కోసం నా బైండింగు షాపు మీద నువ్వు తీసిన డాక్యుమెంటరీని నిన్న కోడలూ నేనూ అన్నం తింటూ ఫోన్లో చూశాం. ఎంత బాగా తీశావో!

ఒక్క చోట మాత్రం మనసు చివుక్కుమంది. షాపులో తీసిన రోజు, "నా గొంతు తర్వాత తీసేస్తాను పిన్నీ, నేనడిగింది కలుపుకుని జవాబు చెప్పు" అన్నావు. ఇంట్లోవాళ్లు సాయానికి రారా అని అడిగావు. నువ్వు నేర్పినట్టే, "మా ఇంట్లోవాళ్లు సాయానికి రారు. జిగురు వాసన కోడలికి పడదు, నేనే రావద్దన్నాను" అన్నాను. సినిమాలో మొదటి మాటే ఉంది.

"పోన్లెండి అత్తయ్యా, పిల్లకి మార్కులు పడితే చాలు" అని కోడలు నవ్వింది. అన్నం మాత్రం సగంలో వదిలేసి లేచింది.

ఆ రోజు నా ముఖం చీకటిగా ఉందని నువ్వంటే, ముక్కుకు గుడ్డ కట్టుకుని, షాపులోని తెల్ల అట్ట ఎత్తి పట్టుకుని పొద్దంతా నిలబడింది తనే కదమ్మా! సినిమాలో నా ముఖం మీద వెలుగు తను పట్టిందే.

కెమెరా వెనకున్నవాళ్లు కనిపించకూడదన్నది మీ చదువులో పద్ధతేమో, కాదనను. అయినా పనికిరావని పక్కన పెట్టిన ముక్కల్లో ఎక్కడో ఒకచోట తన చేయి పడే ఉంటుంది. వెతుకు తల్లీ. దాన్నీ, నా రెండో మాటనూ కలుపు. కాలేజీలో చూపించే రోజు తనని నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.

నీ మేలు కోరే
పిన్ని