కోరమీను గద్దలు నలభై ఒకటి

3 మార్చి 1963, ఆదివారం

కొండ మీద. రంజాన్ బట్టల కుట్టుపని అయిపోయింది, నడుము ఇంకా తిన్నగా లేవడం లేదు, అయినా ఎక్కాను. తొమ్మిదిన్నరకు ఎండ కాసింది. గద్దలు లేచాయి — చలికాలమంతా మన సముద్రం ఒడ్డున గడిపి ఉత్తరానికి పోయేవి. పిల్లిగద్దకు నల్ల గుండీ, బైరి డేగకు ఇత్తడిది, కోరమీను గద్దకు తెల్లది. ఒకటి కనిపిస్తే ఒక గుండీ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. దిగేటప్పటికి నల్లవి పదహారు, ఇత్తడిది ఒకటి, తెల్లది ఒకటి.

ఈ లెక్క మొదలెట్టి నాలుగో ఏడాది ఇది. ఒక్క గుండీ కూడా అటూ ఇటూ కాలేదు.

5 మార్చి

పోస్టుమాస్టరు గారు మా గద్దల లెక్క అచ్చయిన ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చెప్పారు. మూడేళ్ల లెక్క, అంతా నాదే. పైన పేరు మాత్రం నేను ఏటా లెక్క రాసిచ్చే నెల్లూరు కాలేజీ లెక్చరర్‌ది. నా పేరు ఎక్కడా లేదా అంటే ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "పేరు లేదు గానీ... నువ్వుండావులే మస్తాన్. అన్నం క్యారియర్ మోసిన దర్జీ అని రాసుండాడు."

క్యారియర్! ఆ మనిషి కొండెక్కింది ఒక్కసారి. సగం దారిలో ఆయాసంతో కూలబడితే నీళ్లు తాగించి, భుజం పట్టి దింపుకొచ్చాను.

6 మార్చి

కడుపు మండిపోతోంది. నలుగురిలో వాడి తల వంచాలి. ఎలా?

9 మార్చి

మైపాడు నుంచి పోలయ్య, చొక్కా కొలతలకు. వలేసేవాడు, వాడికి తెలియని నీటి పిట్ట లేదు. ఊరికే అడిగినట్టు అడిగాను — కోరమీను గద్దలు ఓ నలభై గుంపుగా పోతే? దగ్గొచ్చేదాకా నవ్వాడు. "నలభయ్యా! యాడన్నా ఉండాదా అన్నా? అది ఒంటి పిట్ట. ఇంకోటి కనబడితే తరిమి తరిమి కొడతాది. ఆ మాట నమ్మినోడు సముద్రం మొగం చూడనోడే."

చూడనివాడు నాకు ఒకడు తెలుసు.

10 మార్చి

కొండ. నల్లవి ఇరవై రెండు. ఇత్తడివి లేవు. తెల్లది ఒకటి.

లెక్చరర్‌కు ఇచ్చే నోటుబుక్కులో: కోరమీను గద్దలు 41, ఒకే గుంపు.

12 మార్చి

ఇచ్చేశాను. వచ్చే నెల ఆరున మద్రాసులో పిట్టల మీద మీటింగట, పెద్ద పెద్ద వాళ్లు వస్తారట. "నలభై ఒకటా మస్తాన్! బ్రహ్మాండం!" తల వంచుకుని, అవును సార్ అన్నాను. చదవరా నాయనా. గొంతెత్తి మరీ చదువు. ఆ హాలంతా పోలయ్య నవ్వినట్టు నవ్వాలి.

ఇంటికొచ్చాక ఫాతిమా: "ఏందయ్యా, నీలో నువ్వే నవ్వుకుంటుండావు?" ఏం లేదన్నాను. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

20 మార్చి

కోటు గుడ్డ పంపించాడు. మీటింగుకట! బూడిదరంగు, మంచి సరుకు. చంకలో నాలుగు కుట్లు వదులుగా వేస్తే చాలు, చెయ్యెత్తగానే పర్రున చిరుగుతుంది... కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

వెయ్యలేదు. మా నాయన నేర్పిన కుట్టు అది. గుడ్డ మీద పగ తీర్చుకోను.

24 మార్చి

కొండ. నల్లవి తొమ్మిది. తాత గుర్తొచ్చాడు. డేగలు పట్టి బతికినవాడు, ఆకాశం చూడడం నాకు నేర్పింది ఆయనే. కంటితో చూసిందే నోటితో చెప్పాలి రా అనేవాడు. ఇవాళ ఎందుకో ఆ మాట నచ్చలేదు. తొందరగా దిగొచ్చాను.

30 మార్చి

కోటుకు కాజాలు. ఇంకో వారం. రోజులు కదలవేం!

4 ఏప్రిల్

లెక్చరర్ వచ్చాడు. కోటు తొడిగి చూసుకున్నాడు, ఎక్కడా ముడత లేదు. సంచిలోంచి టైపు కొట్టిన కాగితాలు తీసి, పైన ఒక వరుస మీద వేలు పెట్టాడు. "ఇది నీ పేరు. నాది కింద. పోయినసారి తప్పు చేసినాను మస్తాన్, అప్పటినుంచీ నిద్ర లేదు."

ఇంకా అన్నాడు — "మద్రాసు ప్రొఫెసరు గారు ఆ నలభై ఒకటి నమ్మలేదు, కొట్టెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. మస్తాన్ లెక్క తప్పడు, పూచీ నాది అని రాసినాను."

అప్పుడైనా చెప్పాల్సింది. వంగి ఆయన కోటు గుండీ పెట్టాను, అంతే. రైలు సాయంత్రానికి.

ఎవరి తల వంచబోయాను నేను?

5 ఏప్రిల్

నమాజులో మనసు నిలవలేదు. ఫాతిమాకు అంతా చెప్పాను. తిట్టలేదు, అదే నరకం. "నెల్నాళ్లుగా నీ పేరు నీ పేరు అని ఏడిస్తివి. వచ్చింది కదా, ఏం జేస్తావో జెయ్యి."

నిజం చెబుతూ మద్రాసుకు తంతి కొడితే నేనే అబద్ధాలకోరును. ఇకమీదట నా లెక్క ఒక్కటీ ఎవరూ నమ్మరు, మొదటి మూడేళ్లది కూడా. కొట్టకపోతే రేపు పొద్దున ఆ హాల్లో నవ్వేది నా పేరు చూసే... ఆయన మాత్రం నా మాటకు పూచీ పడి, నేను కుట్టిన కోటులో నిలబడి ఉంటాడు.

పోస్టాఫీసు బెంచీ మీద రాస్తున్నాను. పోస్టుమాస్టరు గారు తంతి ఫారం ఇచ్చి, "తొందరగా రాయి మస్తాన్, నాలుగింటికి మూసేస్తాను" అన్నారు. మూడున్నర దాటింది. మాటలు రాశాను — నలభై ఒకటి కాదు, ఒకటి.

కింద పంపేవారి పేరు అని ఒక గడి. అది ఇంకా రాయలేదు.