పొయ్యి దగ్గర చోటు

గ్లౌస్టర్, నవంబరు 1958

తమ్ముడూ ఆంబ్రోస్, కంగారు పడకు, నా దగ్గు తగ్గింది. ఈ అద్దె గదిలోనే చలి చంపుతోంది.

ఇంటి పెత్తనమంతా ఆవిడదేనని నాన్న గొప్పలు చెప్పేవాడే, మన పూర్వీకురాలు థామసిన్, ఆవిడ జాడ ఇక్కడి రికార్డాఫీసు పాత కాగితాల్లో దొరికింది. మొగుడు రాసిన వీలునామాలో ఇల్లూ పొలమూ కొడుక్కి. ఆవిడకి పాలగది మీది గదీ, వంటింటి పొయ్యి దగ్గరికొచ్చి కూర్చునే హక్కూ. "సొంతింట్లో చలి కాచుకోడానికి కాగితం కావాలా!" అని నవ్వాను. అక్కడ వీలునామాలు తెచ్చిచ్చే మిసెస్ టఫ్లీ నవ్వలేదు. "రాయకపోతే కోడలు రానిచ్చేదనుకున్నారా? అప్పట్లో అందరూ రాసేవాళ్ళే. మీకు కోడళ్ళు లేరు కాబట్టి నవ్వొస్తోంది" అంది.

కొడుకు తల్లికన్నా ముందే పోయాడు. వాడి వీలునామాలో ఇల్లు పెళ్ళానికి రాశాడు. తల్లికి గది ఉంది గానీ పొయ్యి ఊసే లేదు. చివరికి థామసిన్ తన వీలునామాలో కుర్చీని పక్కింటి విధవరాలికి రాసిచ్చింది, "ఆమె పొయ్యి దగ్గర నన్ను కూర్చోనిచ్చినందుకు" అని.

బొగ్గు వచ్చిందా? కుంటికోడి గుడ్లు పెడుతోందా? నా ఉన్ని మేజోళ్ళు పంపించు. మరదలు మురియెల్ వంటింట్లో కొత్త పొయ్యి పెట్టించిందని రాశావు, నా కుర్చీ ఎక్కడ వేశారో రాయలేదు. నాన్న నాకు మేడమీది గది రాశాడు గానీ, పొయ్యి మాట రాయలేదురా. ఆయనకి తట్టి ఉండదు. మురియెల్‌ని అడిగి ఒక్క ముక్క రాయి, అది అందాకే బయల్దేరతాను.

మీరిద్దరూ వెచ్చగా ఉండాలి.

మీ అక్క
హెస్టర్